మా జేజి, నల్ల మోషే, ఒక చిల్లుకడవ

నా చిన్నప్పుడు మా పేటలో ఎప్పుడు చూసినా కోపంగా ఉండే మనుషులు ఇద్దరు. ఒకరు మా జేజి, అంటే మా నాన్నకు అమ్మ. రెండోదాన్ని నేను. జేజి కోపానికి కారణాలు ఉండేవి. నా కోపానికి జేజి ఉండేది, అది చాలు. మా ఇద్దరి మధ్య నలిగిన అమ్మకు మాత్రం శాంతస్వభావురాలని పేరొచ్చింది. వేరే దారి లేనివాళ్ళకు ఆ పేరు త్వరగానే వస్తుంది.

మాది కమలాపురానికి దగ్గర్లో ఒక పల్లె. పల్లె అంటే పల్లెలో కాదు, పల్లెకు బయట. ఊరి గాలి మాకు తగలొచ్చు గానీ మా గాలి ఊరికి తగలకుండా చూసి మరీ కట్టిన పేటలో. ఊళ్ళో ఒక మంచినీళ్ళ బావి ఉండేది. ఆ నీళ్ళు చాలా తియ్యగా ఉంటాయని చెప్పుకునేవారు. మేము చెప్పుకోవడమే. ఆ బావి తాడు మావాళ్ళు ముట్టకూడదు. మా ఆడవాళ్ళు కడవలు పట్టుకుని దూరంగా నిలబడితే, ఎవరికైనా దయ పుట్టినప్పుడు పైనుంచి పోసేవారట. ఎండాకాలంలో బావీ, దయా ఒకేసారి అడుగంటేవని జేజి చెప్పేది.

తరవాత ఎవరో ఫాదర్ గారు మా పేటలో గుడి కట్టించి, ఆ ఆవరణలోనే ఒక బావి తవ్వించారు. తవ్వించారు అనడం ఆయన మీది మర్యాద. నాపరాతి పొరలు పగలగొట్టి తవ్వింది మా తాతల తరం మగవాళ్ళు, తట్టలు మోసింది మా జేజి తరం ఆడవాళ్ళు. ఆ బావి మాది. దాని గిలక మాది, తాడు మాది. మావాళ్ళకు దేవుడి మీద నమ్మకం కుదరడానికి ఆ తాడు చేసిన సాయం చిన్నది కాదు.

ఆ ఫాదర్ గారు ఆదివారం పూజ అయ్యాక ఆడవాళ్ళను కూర్చోబెట్టి పునీతుల కథలు, అంటే సెయింట్ల కథలు, చెప్పేవారట. గుడి గోడల మీద పునీతుల పటాలు వరసగా ఉండేవి. అందరూ తెల్లగా, అప్పుడే పాలు తాగి లేచినట్టు ఉండేవారు. మా జేజికి వాళ్ళ మీద గౌరవం ఉండేది గానీ చనువు లేదు. ఆమెకు చనువున్న పునీతుడు ఒక్కడే. ఆయన పటం మా గుడిలో లేదు. ఆయన పేరు నల్ల మోషే.

మధ్యాహ్నాలు శనక్కాయలు ఒలుస్తూ జేజి నాకు ఆయన కథ చెప్పేది. ఐగుప్తు దేశంలో, ఏసుప్రభువు తరవాత మూడొందల ఏళ్ళకో నాలుగొందల ఏళ్ళకో, ఒక దొర ఇంట్లో బానిసగా ఉండేవాడు మోషే. నల్లగా, ఎత్తుగా, దున్నపోతులాంటి మనిషి. దొంగతనాలు చేస్తున్నాడని యజమాని తరిమేస్తే, పోయి దొంగల గుంపుకు నాయకుడయ్యాడు. ఒకసారి ఒక గొర్రెల కాపరి కుక్కలు మొరిగి ఈయన పని చెడగొట్టాయట. ఆ కోపంతో కత్తి పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, నిండుగా పారుతున్న ఏటిని ఈది, కాపరి దొరక్కపోతే వాడి పొట్టేళ్ళను కోసుకుని తిని, తోళ్ళు అమ్మి తాగేశాడు. ఈ ఘట్టంలో జేజి గొంతులో అసహ్యం కంటే మెచ్చుకోలే ఎక్కువ వినిపించేది. "ఏరు నిండుగా పారతాండేదంట" అని ఒక్క క్షణం ఆగేది. మా పాపాఘ్ని నదిలో ఇసుక తప్ప మరేమీ చూడని మనిషికి, ఆ కథలో అన్నిటికంటే నమ్మలేని సంగతి అదే.

అటువంటి మనిషి ఎట్లా మారాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎడారిలో సన్యాసులుండే చోటికి దాక్కోవడానికే వచ్చాడని కొందరంటారట. వచ్చినవాడు అక్కడే ఉండిపోయాడు. ఎడారి ఎట్లుంటాది జేజీ అని అడిగితే, "మన చేనట్లే ఉంటాది. కాకపోతే ఆడ వాన వస్తాదని ఎవురూ ఆశ పెట్టరు" అనేది.

సన్యాసి అయ్యాక కూడా ఆయనలో పాత మనిషి పూర్తిగా పోలేదు. గుడిసెలోకి నలుగురు దొంగలు దూరితే నలుగురినీ కట్టేసి, గడ్డిమోపులా వీపున వేసుకుని గుడికి మోసుకొచ్చి, నేనిప్పుడు ఎవరినీ కొట్టకూడదు కదా, వీళ్ళను ఏం చేద్దామని పెద్దలను అడిగాడట. కానీ జేజికి అన్నిటికంటే ఇష్టమైన సంగతి వేరు. ఆ ఎడారిలో బావి చాలా దూరం. నడవలేని ముసలి సన్యాసులు నిద్రపోతుంటే, వాళ్ళ కడవలు తీసుకెళ్ళి, నింపుకొచ్చి, మళ్ళీ వాళ్ళ గుమ్మాల ముందు పెట్టేవాడట మోషే. జేజి లెక్కలో ఆయన పునీతుడు కావడానికి అదొక్కటే చాలు. "ప్రార్థన ఎవురైనా చేస్తారు అమ్మీ. నీళ్ళు మోసేదే కష్టం."

ఆ సన్యాసులూ మనుషులే. ఒకసారి ఈయన సభలోకి రాగానే, ఈ నల్లోడికి మన మధ్యన ఏం పని అన్నారట. మోషే మాట్లాడలేదు. ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

"ఏరు ఈదినోడు, నలుగురిని మోసినోడు, ఒక్క మాట కూడా అనలేదా?"

"అనలేదు. కడుపులో మండిందంట. అయినా అనలేదంట."

"అట్లయితే ఆయప్ప పునీతుడు కాదు, పిరికోడు."

జేజి శనక్కాయ పొట్టు నా మొహాన ఊది, గమ్మునుండమనేది. కాదు, నీ మాట తప్పు అని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఆఖరికి చెప్పేది కడవ కథ. ఒక సన్యాసి ఏదో తప్పు చేశాడు. శిక్ష వేయడానికి పెద్దలంతా కూర్చుని మోషేకు కబురు పంపారు. ఆయన రానన్నాడు. మళ్ళీ పంపారు. అప్పుడాయన ఒక చిల్లుకడవ నిండా నీళ్ళు పోసి, భుజాన ఎత్తుకుని వచ్చాడు. వెనకాల దారి పొడుగునా నీళ్ళు కారుతున్నాయి. ఇదేమి అని అడిగితే, నా పాపాలు నా వెనక ఇట్లా కారిపోతున్నాయి, నాకు కనపడవు, నేనేమో ఇంకొకడి తప్పు తీర్చడానికి వచ్చాను, అన్నాడు. అది విని పెద్దలు సిగ్గుపడి ఆ సన్యాసిని వదిలేశారు.

నాకీ కథ అస్సలు నచ్చేది కాదు. ఎడారిలో నీళ్ళు పారబోసిన మనిషిని నాలుగు తిట్టకుండా, సిగ్గుపడి ఇంటికి పోయారంటే నేను నమ్మలేదు. మా పేట పెద్దలు నాకు తెలుసు కదా.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు కరువు వచ్చింది. మాకు కరువు రావడం అంటే చుట్టం రావడం కాదు, ఇంట్లో ఉన్న మనిషి పక్క గదిలోంచి లేచి రావడం. ఊరి బావి ఎండింది. మా బావిలో నీళ్ళు అడుగుకు పోయాయి. సంఘం పెద్దలు కూర్చుని ఇంటికి రోజుకు రెండు కడవలని వంతు పెట్టారు. అది న్యాయమే. పొద్దున గుడి గేటు తీస్తారు, వరసగా తోడుకుంటారు, ఎండెక్కేలోగా గేటు మూస్తారు. తాళంచెవి మా సంఘం పెద్ద మొలతాడుకు వేలాడుతుండేది. ఆయన జేజికి వరసకు అల్లుడు అవుతాడు. మంచి గొంతు, మంచి పంచె. గుళ్ళో ప్రార్థన చదివితే దేవుడు కూడా కాస్త సర్దుకుని కూర్చున్నట్టు ఉండేది.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నాకు జడ వేసేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది, జేజి మీద నేను చెప్పే ఫిర్యాదులన్నీ ఓపికగా వినేది. ఆ కరువులోనే ఆమెకు కాన్పయింది. ఆమె మొగుడు రాజంపేట వైపు కూలికి పోయి ఉన్నాడు. పురిటి బట్టలు, బిడ్డ గుడ్డలు, వంట, తాగే నీళ్ళు, అన్నిటికీ రెండే కడవలు. జేజి మా వంతులోంచి రోజూ ఒక ముంత పంపేది. మాకే చాలేవి కాదు, అక్కకేం చాలుతాయి? ఒకరోజు మిట్టమధ్యాహ్నం, గేటు మూసి ఉండగా, అక్క గుడి ప్రహరీ దూకి ఒక కడవ నీళ్ళు తోడింది. పచ్చి బాలింత గోడ దూకిందంటే అవసరం ఎంతటిదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ చూసింది సంఘం పెద్ద భార్య. ఆమెకు అక్క కంటే కడవే ముందు కనబడింది.

ఆ ఆదివారం ఫాదర్ గారు రాని ఆదివారం. ఆయన నెలకొకసారి వచ్చేవారు. ఆయన రాని రోజుల్లో ఉపదేశి ప్రార్థనలు చదివించేవాడు. ఉపదేశి చాలా మంచివాడు. మంచి చెడ్డలు తేలాల్సిన చోట గొంతు సవరించుకోవడం తప్ప ఆయన ఎవరికీ ఏ హానీ చేయలేదు. ప్రార్థన అయిపోగానే సంఘం పెద్ద లేచి, ఎవరూ కదలొద్దన్నాడు. గుడి ముందు బండల మీద పేటంతా కూర్చుంది. అక్కను మధ్యలో నిలబెట్టారు. చేతుల్లో బిడ్డ. పొద్దుటి ఎండే అయినా రాళ్ళు అప్పటికే కాలుతున్నాయి. కూర్చోమని ఒక్కరూ అనలేదు.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. క్రమశిక్షణ గురించి, దేవుడి ఇంటి గోడ గురించి, ఒకరి వంతు ఇంకొకరు తినడం గురించి. అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట కూడా లేదు. అసలు ఆ మనిషితో కష్టమే అది. ఆఖరికి తీర్పు చెప్పాడు. "ఈ పొద్దు నుంచి ఆ ఇంటోళ్ళు మన బావి తాడు ముట్టకూడదు. కడవ తెచ్చుకొని దూరంగా నిలబడాల. ఎవురికన్నా దయ పుడితే పైనించి పోయండి."

నేను జేజి పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె చెయ్యి నా మోకాలి మీద ఉంది. ఆ మాట వినగానే ఆ చెయ్యి బిగుసుకుంది. నా మోకాలు నొప్పి పుట్టి అరవబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. జేజి కోపాలన్నీ నాకు తెలుసు. ఇది నాకు తెలియని కోపం. చుట్టూ కూర్చున్న ముసలివాళ్ళంతా తల దించుకున్నారు. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడ్డవాళ్ళు వాళ్ళే. ఆ మాటలు ఎక్కడివో అందరికీ తెలుసు. అక్క మాత్రం బిడ్డ మొహం మీద కొంగు కప్పి, "బిడ్డకన్నా పోస్తారా మామా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవడానికి. ఉపదేశి గొంతు సవరించుకున్నాడు.

జేజి లేచింది. "యాడికి అత్తా? ఇంకా ప్రార్థన చేసి ముగించాల" అన్నాడు పెద్ద. "వస్తా అల్లుడా, నువ్వు మొదులు పెట్టు. నీ ప్రార్థన అయ్యేలోపు కడపకు పొయ్యి రావచ్చు" అని, నా రెక్క పట్టుకుని బయటికి నడిపించింది.

ఆమె మా ఇంటికి పోయి ఒక కడవ, ఒక మేకు, ఒక గుండ్రాయి తీసుకుంది. తరవాత పేట చివరి వైపు నడిచింది. ఆ చివర ఉన్నది సంఘం పెద్ద ఇల్లు. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ గుడి దగ్గరే ఉన్నారు. పెరట్లో ఆయన బర్రె కట్టేసి ఉంది. దాన్ని చూపించి జేజి అడిగింది. "ఏముండాది దీంట్లో?"

"బర్రె."

"బర్రెని నేనూ చూస్తాండా. ఎట్లుండాది?"

నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఆ ఎండాకాలం మా పేటలో గొడ్లన్నీ బూడిదరంగులో ఉండేవి. మనుషులమూ దాదాపు అదే రంగు. రోజూ స్నానం చేస్తున్నది పేట మొత్తానికి ఆ బర్రె ఒక్కటే. ఆ నిగనిగ జేజి కంట్లో ఎన్నాళ్ళ నుంచి పడుతూ ఉందో నాకు తెలియదు.

పాక వెనక జొన్నచొప్ప అడ్డంగా పేర్చి ఉంది. జేజి దాన్ని లాగేసింది. వెనక నాపరాళ్ళతో కట్టిన తొట్టి, అంచుల దాకా నీళ్ళు. గేటు తాళంచెవి ఉన్నవాడికి గోడ దూకే పని లేదు కదా. ఆ నీళ్ళలో ఆకాశం కనిపించింది. నాకు దాహంగా ఉందన్న సంగతి కూడా మర్చిపోయి అట్లా చూస్తూ నిలబడ్డాను.

జేజి కింద కూర్చుని, కడవను ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డకు చెవులు కుట్టినంత జాగ్రత్తగా మేకుతో దాని కిందిభాగంలో చిల్లు పెట్టింది. నన్ను వేలు అడ్డం పెట్టమంది. నిండా ముంచింది. ఎత్తి భుజాన పెట్టుకుంది. నేను మునివేళ్ళ మీద లేచి వేలు అట్లే పెట్టుకుని ఉన్నాను.

"ఇంక తియ్" అంది.

తీశాను. సన్నటి ధార ఆమె వీపు మీది నుంచి జారి నేల మీద పడింది. "బిన్నే పా. ఎండ మనకంటే బిన్నే నడుస్తాది" అని నన్ను తొందరపెట్టింది.

పేట వీధి పొడుగునా నడిచాం. నేను వెనక నుంచి చూస్తున్నాను. నెలల తరబడి తడి ఎరుగని దుమ్ములో నల్లటి గీత ఒకటి మా వెంట వస్తోంది. ఒక కోడి పరిగెత్తుకొచ్చి దాన్ని ముక్కుతో పొడిచి, నమ్మలేక మళ్ళీ పొడిచింది. మోషే కథ నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు పెద్దలు సిగ్గుపడాలి. అక్కను వదిలెయ్యాలి. ఆ కథను అంతకుముందు నమ్మనందుకు మనసులోనే నల్ల మోషేను క్షమించమని కూడా అడిగాను.

మేము గుడి గేటులోకి రాగానే ప్రార్థన ఆగిపోయింది. సిగ్గుపడి కాదు. "అయ్యో, నీళ్ళు కారిపోతాండాయి!" అని ఎవరో అరిచారు. అంతే, సభంతా లేచింది. ఒక ముసలాయన పరిగెత్తుకొచ్చి ధార కింద దోసిలి పట్టాడు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు పట్టారు. పిల్లలు నోళ్ళు పట్టారు. ఉపదేశి చేతిలో ఉన్న తీర్థం గిన్నె పట్టుకొచ్చి, పట్టాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడిపోయాడు. ఎవరో పెద్దమ్మ, "ముసలిదానికి తిక్క పట్టింది, కడవకు చిల్లు కూడా కనపడలేదు" అని జేజి నెత్తిన మొట్టబోయింది. ఎడారి సన్యాసులకు తట్టిన సంగతి మావాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. కరువులో ఉన్న మనిషికి నీళ్ళు నీళ్ళలాగే కనిపిస్తాయి. జేజి రూపంలో వచ్చిన నా మోషే అంత మంది మధ్య ఒంటరిగా నిలబడిపోయాడు.

సంఘం పెద్దకు మాత్రం మంచి అవకాశం దొరికింది. "చూడండప్పా! ఒకతి దొంగతనంగా తోడుతుంది, ఇంకొకతి మన కళ్ళముందర పారబోస్తుంది. ఇద్దరూ పక్కపక్క ఇండ్లోళ్ళే. అత్తా, నీ ఇంటి వంతు కూడా..." అని మొదలుపెట్టాడు. ఆయన మొదలుపెడితే ఆగే మనిషి కాదు. జేజి మోషేలాగే నోరు కట్టేసుకుని నిలబడింది. కడవ సగమైంది. నేను వెనక్కి తిరిగి వీధి వైపు చూశాను. దూరాన గీత మొదలు, ఆయన ఇంటి వైపు, అప్పుడే పలచబడుతోంది. ఎండ దాన్ని ఆ కొస నుంచి తినుకుంటూ వస్తోంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంకాసేపు మాట్లాడితే అక్క దొంగ, జేజి పిచ్చిది, ఆయన పెద్దమనిషి. నాకు నల్ల మోషే మీద పాత కోపమంతా ఒక్కసారి వచ్చింది.

"జేజీ, గీత ఆరిపోతాంది!" అని అరిచాను.

నా గొంతు అప్పట్లోనే పేరు పొందిన గొంతు. ఆయన ఆగాడు. అందరూ నన్ను చూశారు. నేను చెయ్యెత్తి చూపిస్తున్న వైపు చూశారు. అప్పుడు జేజి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది. "మీరంతా నన్ను తిడతాండారు గానీ, నా వంతు పొద్దున్నే అయిపోయింది కదా, ఈ నీళ్ళు నాకు యాడివి అని ఒక్కరూ అడగరేమప్పా?"

దోసిలి పట్టిన ముసలాయన తల వంచి గీతను చూశాడు. నెమ్మదిగా గేటు దాటాడు. ఆయన వెనక ఇంకొకరు. చూస్తుండగానే పేటంతా, శవం వెంట నడిచినట్టు, ఆ తడిగీత వెంట నడిచింది. దాని కొస ఎక్కడుందో సంఘం పెద్దకు మొదటి నాలుగడుగుల్లోనే తెలిసిపోయింది. "అది గొడ్లకు... మూగజీవాలు కదప్పా..." అన్నాడు. బర్రె మా అందరినీ చూసి తల ఊపింది. అది అబద్ధం చెప్పలేని జంతువు.

ఆ తరవాత అరుపులు. ఒక కుర్రాడు తొట్టి పగలగొడతానని గుండు ఎత్తాడు. జేజి ఖాళీ కడవతోనే వాడికి అడ్డం పడింది. "పగలగొట్టు నాయనా, తొట్టి చేసిన తప్పేముందో చెప్పి పగలగొట్టు. నీళ్ళు పంచుకోండి. మొదుటి కడవ బాలింతకు." అక్క ఇంకా గుడి ముందే నిలబడి ఉందని అప్పుడు గుర్తొచ్చింది జనానికి. ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తారు. మిగిలినవాళ్ళు కడవలు తెచ్చుకున్నారు. ఇందాక తల దించుకున్నవాళ్ళే ఇప్పుడు గట్టిగా అరుస్తున్నారు. "ఇంక వీని ఇంటోళ్ళు బావి తాడు ముట్టకూడదు!" అని ఎవరో అన్నారు. అవునవునని అందరూ అందుకున్నారు. నేను కూడా అందుకున్నాను. చాలా ఆనందంగా అందుకున్నాను.

జేజి చేతిలోని కడవను నేలకేసి కొట్టింది. పెంకులు నా కాళ్ళ దగ్గర దాకా వచ్చి పడ్డాయి.

"ఆ మాట ఎవుడంటాడు? ఏ నోటితో అంటాడు? ఊరి బావి కాడ నిలబడినప్పుడు నా కడుపులో మీ నాయన ఉండె" అని మా నాన్న వైపు వేలు చూపించి, నాకు చెబుతున్నట్టుగా పేటకంతా చెప్పింది. "దప్పికతో ఆడనే పడిపోయినా. పైనించి పోసినారు, నా మొగాన. తాడు ముట్టొద్దనే మాట మనోళ్ళ నోట్లో ఒకసారి ఇన్నా. రెండోసారి ఇనను. వీనికి కూడా రెండు కడవలు. మనలాగే వరసలో నిలబడి తోడుకోవాల. తాళంచెవి మాత్రం ఇట్లియ్యి."

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఆ రోజు నుంచి తాళం ఊరికే గేటుకే వేలాడింది, ఎవరూ వెయ్యకుండా.

ఇంటికి వచ్చేటప్పుడు నేను జేజిని వదిలి వీధికి అవతలి పక్కన నడిచాను. ఆయనకు శిక్ష పడనందుకు నాకు చచ్చేంత కోపంగా ఉంది. కాసేపటికి ఆగలేక అడిగాను. "మోషే తన పాపాలు కారతాండాయన్నాడు కదా. నువ్వేమో సంఘం పెద్ద పాపాలు చూపించినావు. కథ అట్ల కాదు కదా?"

"ఆయన పునీతుడు. నేను మీ జేజిని" అంది. కొంచెం దూరం నడిచాక తన వీపు నా వైపు తిప్పింది. రవిక, కొంగు అన్నీ ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. "చూసినావా? ఎవురి పాపం ఎత్తుకుని పోయినా ముందర తడిసేది మన వీపే. అందుకే ఎవురూ ఎత్తరు."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆ పెద్దమనిషిని ఒక్క వారమైనా దూరంగా నిలబెట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. నల్ల మోషేతో నా పేచీ కూడా ఇంకా తెగలేదు. కడుపులో మండినప్పుడు మాట్లాడకపోవడం గొప్పేనేమో, కానీ గీత ఆరిపోతున్నప్పుడు ఎవరో ఒకరు అరవాలి కదా.

తరవాత నేను చదువుకుని, కాలేజీలో పాఠాలు చెప్పాను. ఏ విచారణ కమిటీ వేసినా నన్ను అందులో వేసేవారు, మొహం చూస్తేనే శిక్ష వేసేటట్టు ఉంటుందని. కాపీ కొట్టిన పిల్లో, ఆలస్యంగా వచ్చిన అటెండరో ఎదురుగా నిలబడి ఉండేవారు. కుర్చీలో కూర్చునే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి నేలంతా ఒకసారి చూసుకునేదాన్ని. నాదేదో పడిపోయిందనుకుని తోటి లెక్చరర్లు కూడా వంగి వెతికేవారు. వెతకనీ, మంచిదే అనుకునేదాన్ని.

ఇప్పుడు కడపలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఈ ఎండలకు మా బోరు ఎండిపోయింది, ట్యాంకర్లతో నడుస్తోంది. పోయిన ఆదివారం అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం పెట్టారు. వాచ్‌మన్ భార్య కింది కుళాయి దగ్గర పిల్లల బట్టలు ఉతుకుతోందట. ఆ కుళాయికి తాళం వేసి, "వాళ్ళకు కావలసిన నీళ్ళు మనమే పైనుంచి పోయిద్దాం" అన్నారు అధ్యక్షులవారు. ఆయనది కూడా మంచి గొంతే. ఆ అమ్మాయి తలుపు బయట నిలబడి వింటోంది. చంకలో బిడ్డ. కూర్చోమని ఒక్కరూ అనలేదు.

నేను అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి నేల చూశాను. నా బాల్కనీలో మల్లెకుండీలు గుర్తొచ్చాయి. అవి కూడా ఆ ట్యాంకర్ నీళ్ళే తాగుతున్నాయి. అది గుర్తు పెట్టుకుని, లేచి కిటికీలోంచి కిందికి చూశాను. దుమ్ము కొట్టుకుపోయిన కార్ల వరసలో ఒక్క కారు మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. అది ఎవరిదో చెప్పక్కర్లేదు.

నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. ఇంటికొచ్చి మల్లెలకు నీళ్ళు సగం తగ్గించాను. నిన్న బజారుకు వెళ్ళి ఒక మట్టికడవ కొన్నాను. ఈ వయసులో భుజానికి ఎత్తగలనా అన్నది ఒక సందేహం. ఎత్తితే ముందు తడిసేది నా వీపే అన్నదాంట్లో సందేహం లేదు. మేకు కూడా వెతికి పక్కన పెట్టుకున్నాను. చిల్లు మాత్రం ఇంకా పెట్టలేదు.